ఇంటి ధర ఎక్కడ తగ్గిందో అమ్మేటప్పుడే తెలిసింది

మా నాన్నగారు కట్టించిన ఇంటిని అమ్మకానికి పెట్టినప్పుడు, కొనదలచి వచ్చిన దంపతులు తమ వెంట ఒక ఇంజనీరును తీసుకొచ్చారు. ఆయన కొత్తగా వేయించిన రంగును గానీ, మార్పించిన దీపాలను గానీ చూడలేదు. నేరుగా హాలు వెనక గోడ దగ్గరకు వెళ్ళి, రెండు సన్నని సూదులున్న చిన్న తేమమాపకాన్ని నేలకు జానెడు ఎత్తులో ఒకసారి, నడుమెత్తులో ఒకసారి, భుజమెత్తులో ఒకసారి గోడకు ఆనించి, వచ్చిన అంకెలను పుస్తకంలో రాసుకున్నారు. ఆ గోడకు నెల క్రితమే పుట్టీ పెట్టించి రంగు వేయించాను. చూపులకు ఏ మచ్చా లేని ఆ గోడే ఆ రోజు ఇంటి ధరను తగ్గించింది.

చెమ్మను బాగు చేయించడానికి ఎంత ఖర్చవుతుందో ఇంజనీరు అక్కడికక్కడే లెక్క వేసి చెప్పారు. అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ గోడకే ప్రత్యేకంగా కొత్త రంగు వేసి ఉండటం గమనించాక, ఈ ఇంట్లో ఇంకా ఎన్నిచోట్ల ఇలా కప్పిపెట్టి ఉంటారోనన్న అనుమానం ఆ దంపతులకు కలిగింది. వారు తగ్గించి అడిగిన మొత్తంలో మరమ్మతు ఖర్చుకంటే ఆ అనుమానానికి కట్టిన విలువే ఎక్కువ. కంటికి కనిపించే లోపానికి ఒక లెక్క ఉంటుంది. కనిపించని లోపానికి కొనేవారు తమకు భయం వేసినంత లెక్క కడతారు. నేను వారి స్థానంలో ఉన్నా అదే చేసేవాణ్ణి. ఆనాటి నుంచి, ఇంటి యజమానులుగా మనం చేసే పొరపాట్లను నేను ఈ ఒక్క కొలమానంతోనే చూస్తున్నాను: ఈ పని చేశాక, రేపు ఇంటిని చూడటానికి వచ్చినవారు లోపల ఏముందో తెలుసుకోగలుగుతారా, లేదా?

చెమ్మ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానిని సరిచేస్తున్నామనుకుని పెంచేవాళ్ళే ఎక్కువ. ఇటుకలోనూ సున్నంలోనూ సిమెంటులోనూ కంటికి కనపడనంత సన్నని రంధ్రాలుంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే ఆ రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. ఇలా ఎక్కే నీరు సాధారణంగా ఒక మీటరు ఎత్తు వరకు వస్తుంది. వస్తూ వస్తూ నేలలోని లవణాలను వెంట తెస్తుంది. నీరు గాలికి ఆరిపోయినా లవణాలు గోడలోనే మిగిలి స్ఫటికాలుగా పెరిగి, ప్లాస్టరును లోపలినుంచి నెట్టి పిండి చేస్తాయి. గోడ అడుగున కనిపించే తెల్లటి పొడి అదే. దీన్ని అడ్డుకోవడానికే పునాది మీద, గోడ మొదలయ్యే చోట, నీరు దాటని ఒక పొర వేస్తారు. ఆ పొర బయటి నేల మట్టానికి కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి.

మా ఇంట్లో ఆ పొర ఉంది. నాన్నగారు శ్రద్ధగా వేయించారు. దాన్ని పనికిరాకుండా చేసింది నేను. పెరటి గచ్చు పగిలినప్పుడు పాతదాన్ని తవ్వించకుండా దాని మీదే కొత్త గచ్చు పోయించాను. కొన్నేళ్ళకు దాని మీద టైల్స్ వేయించాను. రెండు విడతల్లో పెరటి మట్టం పెరిగి, గోడలోని ఆ పొర నేల కిందికి పోయింది. నీటికి పక్కనుంచి దారి దొరికింది. కొత్త గచ్చుకు వాటం కూడా ఇంటివైపే వచ్చింది. గోడ నుంచి బయటికి మొదటి మూడు మీటర్లలో నేల 15 సెంటీమీటర్లయినా దిగాలని, అలా అయితేనే వాననీరు పునాది దగ్గర నిలవదని నాకు అప్పటికి తెలియదు. ఇంటి చుట్టూ పూలపాదులు కట్టి, గోడకు ఆనించి మట్టి పోసేవారు చేసే తప్పు కూడా ఇదే. మట్టి గోడను తాకుతున్నచోట చెమ్మతోపాటు చెదలకు కూడా తోవ ఏర్పడుతుంది, ఎందుకంటే చెదలు వెలుతురుకు బయటపడకుండా మట్టి గొట్టాలు కట్టుకుంటూ గుమ్మాల చెక్క దాకా ఎక్కగలవు.

ఇక గోడ మీద పొక్కులు లేచినప్పుడు చేసిన తప్పు ఇంతకంటే పెద్దది. నీరు దాటనివ్వదని చెప్పిన రంగును లోపలివైపు పూయించాను. గోడలోకి నీరు రావడం ఆగలేదు, ఆరడం మాత్రం ఆగింది. అంతకు ముందు నడుమెత్తు దగ్గర ఆగిన చెమ్మ, ఆరే వీలు లేక, రంగు పొర వెనకనుంచి ఇంకా పైకి ఎక్కింది. ఇంజనీరు మూడు ఎత్తుల్లో కొలిచింది ఈ తేడా కనిపెట్టడానికే. ఆ పరికరం గోడలో విద్యుత్తు ఎంత సులభంగా పారుతుందో చూసి తేమను అంచనా కడుతుంది. లవణాలున్న గోడలో అంకె ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఒక్క అంకెను నమ్మడానికి వీల్లేదు, అంకెల వరసను చూడాలి. కింద ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గితే నీరు నేలలోంచి వస్తున్నట్టు. ఒకేచోట గుండ్రంగా ఎక్కువగా ఉంటే ఆ గోడలో ఏదో పైపు కారుతున్నట్టు. పైపు సంగతిని యజమాని స్వయంగా కూడా తేల్చుకోవచ్చు: కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు అంకెను రాసుకుని, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చూస్తే చాలు. ఎవరూ నీళ్ళు వాడకపోయినా అంకె మారితే ఎక్కడో లీకు ఉన్నట్టే.

డాబా విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. నీళ్ళు దిగకుండా శ్లాబు మీద వేసిన పొరను, నీళ్ళ ట్యాంకు స్టాండు కోసమో, సోలార్ పలకల చట్రం కోసమో, నీడ కోసం వేసే రేకుల స్తంభాల కోసమో బోల్టులు దిగగొట్టి మనమే చిల్లులు చేస్తాం. ఒక వానాకాలంలో ఏమీ కనబడదు. కాంక్రీటుకు సహజంగా క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ విలువ 12 పైన ఉంటుంది. ఆ గుణమే లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టకుండా ఒక సన్నని పొరను నిలబెడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోపలికి చేరేకొద్దీ ఆ విలువ 9 దగ్గరకు పడిపోతుంది, అప్పుడు తేమ తగిలిన చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే శ్లాబు అడుగున పెచ్చులూడతాయి. ఊడినచోట సిమెంటు మెత్తి రంగు వేయడం చాలా ఇళ్ళల్లో చూశాను. లోపల తుప్పు అలాగే పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ మెత్తు కూడా కొన్నాళ్ళకు ఊడుతుంది, ఈసారి ఇంకా పెద్ద పెచ్చుగా. చువ్వ వెనకవైపు దాకా కాంక్రీటును చెక్కి, తుప్పును పూర్తిగా గీకి, చువ్వకు రక్షణ పూత పూసి, ఆ తర్వాతే మరమ్మతు మిశ్రమంతో నింపాలి. మెత్తిన చోటును సుత్తితో తట్టి, గుల్లమోతను బట్టి గుర్తించడం అనుభవమున్న మేస్త్రీకి క్షణం పని.

డాబా కారినప్పుడల్లా మీద ఇంకో పొర సిమెంటు పోయించడం మరో అలవాటు. అయిదు సెంటీమీటర్ల మందంలో పోసిన సిమెంటు, ఇసుక మిశ్రమం ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 100 కిలోల బరువు మోపుతుంది. నివాస గృహాల అంతస్తులను మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 150 నుంచి 200 కిలోల అదనపు బరువుకు లెక్క కట్టి కడతారు. రెండుసార్లు అలా పోయిస్తే ఆ లెక్క మొత్తం అక్కడే అయిపోతుంది. డాబా మీద మట్టి నింపి తోట పెంచేవారు కూడా ఈ లెక్క చూసుకోవాలి. ముప్ఫయి సెంటీమీటర్ల లోతున తడిమట్టి నింపితే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. తోటలంటే నాకూ ఇష్టమే, కానీ ఇంజనీరు చేత లెక్క కట్టించకుండా పెంచిన తోటను చూసిన కొనుగోలుదారు దాని అందాన్ని కాక శ్లాబు అడుగును చూస్తారు.

పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అంటించడం ఇంతటి ప్రమాదం కాకపోయినా, దాని గుర్తులు ఇల్లంతా మిగులుతాయి. నేల మట్టం పెరిగి తలుపుల అడుగు కోయాల్సి వస్తుంది, గదికీ గదికీ మధ్య కాలికి తగిలే మెట్టు ఏర్పడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా స్నానాలగది వాటం చెడుతుంది. నీరు జాలీవైపు పోకుండా మూలన నిలిచే స్నానాలగదిని చూశాక ఆ ఇంట్లో ఇంకేం బాగున్నా మనసుకు ఎక్కదు.

గోడలు తీయించడం గురించి రాసేటప్పుడు నాకు ఒక మిత్రుడి ఇల్లు గుర్తుకొస్తుంది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయాక ఆయన రెండు పడకగదుల మధ్య గోడ తీయించి ఒకే పెద్ద గది చేసుకున్నారు. చక్కని గది, నేను అక్కడ కూర్చుని ఎన్నో సాయంత్రాలు గడిపాను. అమ్మకం దగ్గర రెండు ప్రశ్నలు వచ్చాయి. మొదటిది గదుల లెక్క: ఇల్లు వెదికేవారు ముందుగా ఎన్ని పడకగదులని చూసి జాబితాను తగ్గించుకుంటారు కాబట్టి, మూడు గదుల ఇల్లు రెండు గదుల ఇల్లు కాగానే అసలు చూడటానికి వచ్చేవారే తగ్గిపోయారు. రెండోది ఇంతకంటే బరువైనది: ఆ గోడ పై అంతస్తు బరువును మోస్తుండేదా, కాదా? పిల్లర్లు, బీములతో కట్టిన ఇంట్లో మధ్య గోడలు చాలావరకు అడ్డుతెరలే; గోడల మీదే శ్లాబు కూర్చున్న ఇంట్లో ఆ గోడే స్తంభం. మిత్రుడు నిజానికి ఇంజనీరును అడిగే తీయించారు, పైన ఇనుప దూలం కూడా పెట్టించారు. అయితే ఆ దూలం ఇప్పుడు ప్లాస్టరు లోపల ఉంది, లెక్కల కాగితం లేదు, పని జరుగుతున్నప్పుడు తీసిన ఒక్క ఫొటో లేదు. సరిగ్గా చేసిన పని కూడా, రుజువు లేకపోవడంతో, చేయని పనితో సమానంగా లెక్కకు వచ్చింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అది.

అనుమతి లేకుండా కట్టిన గది సంగతి దీనికి దగ్గరగా ఉంటుంది. కారు పెట్టుకునే చోటును గదిగా మార్చినా, బాల్కనీని అద్దాలతో మూసి లోపల కలుపుకున్నా, డాబా మీద ఒక గది లేపినా, ఆమోదం పొందిన ప్లానులో అది లేకపోతే, అప్పు ఇచ్చే సంస్థ తరఫున విలువ కట్టడానికి వచ్చినవారు దాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అప్పు తక్కువ వస్తే కొనేవారు చేతినుంచి ఎక్కువ పెట్టాలి. అది కుదరకపోతే బేరమే పోతుంది. కూల్చమని ఉత్తర్వు వస్తే ఆ భారం తమ మీద పడుతుందన్న భయం కూడా ఉంటుంది. కారుకు చోటు పోగొట్టి సంపాదించిన గదివల్ల ఇంటికి విలువ పెరగకపోగా, ఉన్న ఒక సౌకర్యం పోతుంది. బాల్కనీ మూయడంలో ఇంకో నష్టమూ ఉంది: దాని వెనక గదికి వెలుతురు, ఎదురుగాలి రెండూ ఆగిపోయి, తేమ నిలిచి, గోడ మూలల్లో బూజు పడుతుంది.

విద్యుత్తు గురించి ఒక్క తప్పే చెబుతాను, అది ప్రాణాలతో ముడిపడినది కాబట్టి. బ్రేకరు మాటిమాటికీ పడిపోతుంటే దాని స్థానంలో పెద్ద బ్రేకరు పెట్టించేవారున్నారు. గోడలోని వైరు మాత్రం పాతదే. వైరులో పుట్టే వేడి అందులో పారే విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. అడ్డుకోవలసిన బ్రేకరే ఊరుకుంటే గోడలోపల వైరు తొడుగు కాలుతుంది. పరీక్షించడానికి వచ్చిన ఎలక్ట్రీషియను బోర్డు మూత తీసి వైరు మందాన్ని, బ్రేకరు మీది అంకెను పోల్చి చూడగానే ఇది బయటపడుతుంది, వెంటనే ఇల్లంతా వైరింగ్ మార్చాలన్న లెక్క ధరలోంచి తీసేస్తారు.

అభిరుచి కోసం పెట్టే ఖర్చును తప్పు అనడానికి నాకు మనసు ఒప్పదు. మన ఇంట్లో మనం ఉండేది మనకు నచ్చినట్టు ఉండటానికే. కానీ విలువ కట్టేవారు దగ్గర్లో ఇటీవల అమ్ముడుపోయిన అలాంటి ఇళ్ళ ధరలతో పోల్చి చూస్తారు కాబట్టి, చుట్టుపక్కల ఇళ్ళను బాగా మించిపోయేలా పెట్టిన ఖర్చు పూర్తిగా వెనక్కి రాదని తెలిసే పెట్టుకోవాలి. గోడకు ముదురు రంగు వేస్తే కొనేవారు రెండు రోజుల్లో మార్చుకోగలరు. గోడకంతా రాయి అంటిస్తే, శ్లాబు కింద ఎత్తు తగ్గించి శాశ్వతమైన అలంకరణ చేస్తే, దాన్ని ఊడదీయించే ఖర్చును ధరలోంచి తగ్గిస్తారు. పైగా అలాంటి కప్పు వెనక శ్లాబు ఎలా ఉందో చూడటానికి వీలుండదు, అంటే మళ్ళీ అదే అనుమానం. తనిఖీకి ఒక తెరిచే పలక వదలడం చిన్న పని.

కాగితాల విషయంలో జరిగే అలసత్వం గోడల్లోని చెమ్మకంటే ఎక్కువ ఆలస్యం తెస్తుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఇంటిని వారసుల పేర మార్పించుకోకపోవడం, అప్పు తీరిపోయినా తాకట్టు విడుదలను నమోదు చేయించకపోవడం, తోబుట్టువుల సమ్మతిని నోటిమాటగానే వదిలేయడం, ఇవన్నీ బేరం కుదిరిన రోజున బయటపడతాయి. మా ఇంటి తాకట్టు విడుదల పత్రం నాన్నగారి పాత పెట్టెలో దొరికింది కానీ, నమోదు కానందువల్ల మళ్ళీ తిరగాల్సి వచ్చింది. తొందరలో ఉన్న అమ్మకందారుకు ధర తగ్గుతుంది. ఆ తొందరను తెచ్చిపెట్టేది తరచుగా ఇలాంటి కాగితమే.

ఆ దంపతులు చెప్పిన ధరకు నేను ఇవ్వలేదు. వారిమీద నాకు ఏ అసంతృప్తీ లేదు. పెరట్లో రెండు పొరల గచ్చునూ తవ్వించి, మట్టాన్ని పాత చోటికి దింపి, వాటాన్ని బయటికి పెట్టించాను. హాలు వెనక గోడకు రెండువైపులా ప్లాస్టరును నేలనుంచి భుజమెత్తు వరకు చెక్కించి, ఇటుకలను అలాగే వదిలేశాను. తడిసిన గోడ నెలకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల మందం చొప్పున ఆరుతుందని ఇంజనీర్లు చెప్పే ఒక మోటు లెక్క ఉంది, అందుకని తొందరపడలేదు. నేనూ ఒక తేమమాపకం కొని, ప్రతి నెలా మొదటి వారంలో అవే మూడు ఎత్తుల్లో అంకెలు తీసి, తేదీతో సహా ఒక పుస్తకంలో రాశాను. డాబా మీద గట్టు కట్టి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి, కింద శ్లాబుకు ఎక్కడా తడి రాలేదని ఫొటోలు తీశాను. స్నానాలగదిలో పైపు మార్పించినప్పుడు, ప్లాస్టరు వేయకముందే, గోడకు కొలత టేపు ఆనించి పైపు ఏ ఎత్తులో పోతోందో కనబడేలా ఫొటో తీసి పెట్టాను.

ఆరు నెలల తర్వాత ఇంకొక కుటుంబం వచ్చింది. హాల్లో అడుగు పెట్టగానే ప్లాస్టరు లేని ఆ గోడ దగ్గరే ఆగిపోయారు. అక్కడ ఏం జరిగిందో, ఎవరి తప్పువల్ల జరిగిందో, ఏం చేశామో చెప్పి, నెలవారీ అంకెల పుస్తకాన్ని వారి చేతికిచ్చాను. వారి వెంట వచ్చిన ఇంజనీరు తన పరికరంతో మళ్ళీ కొలిచి, పుస్తకంలోని చివరి అంకెలతో పోల్చుకుని, తల పంకించి పక్క గదిలోకి వెళ్ళారు. ప్లాస్టరుకయ్యే ఖర్చును మాత్రం ధరలోంచి తగ్గించమని అడిగారు, న్యాయమే కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. తాళాలు ఇచ్చిన రోజున ఆ పుస్తకాన్ని, పైపుల ఫొటోలను, ఆమోదించిన ప్లానును ఒకే ఫైలులో పెట్టి ఇచ్చాను. గోడ పై భాగం ఇంకా కొద్దిగా తడిగా ఉందనీ, ఇంకో రెండు నెలలు ఆగి ప్లాస్టరు వేయించమనీ, దాని మీద గాలి ఆడే రంగే పూయించమనీ చెప్పి వచ్చాను.